ముందు ఎవరి మోటారు ఆగాలి?

జిల్లా కలెక్టర్ గారికి, జలవనరుల శాఖ, భూగర్భ జల శాఖ, గ్రామీణ నీటి సరఫరా శాఖల అధికారులకు చెరువు కింది ఊరి రైతులు, ఇల్లాళ్లు రాస్తున్న బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

మీరు జిల్లాకు వచ్చి ఏడాది కూడా కాలేదు. మీ మీద మాకు కోపం లేదు. కానీ కరువులో కూడా మా చెరువు నీళ్లు తోడి సీసాల్లో అమ్ముతున్న కంపెనీ గురించి, మా తాగునీళ్ల గురించి సోమవారం గ్రీవెన్స్‌లో మేము మూడు అర్జీలు ఇచ్చాం. జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి, మార్చి చివర ఒకటి. మూడింటికీ రసీదులున్నాయి. మొదటిదానికి 'సంబంధిత శాఖకు పంపడమైనది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. రెండోదానికి 'పరిష్కరించబడినది' అని వచ్చింది. ఏం పరిష్కరించారో ఊళ్లో ఎవరికీ తెలియదు. మూడోదానికి మెసేజ్ కూడా రాలేదు. అందుకని ఈసారి మీతో పాటు అందరూ చదివేలా రాస్తున్నాం.

ఊరి పేరు, నీళ్ల కంపెనీ పేరు ఇందులో రాయడం లేదు. రెండూ మీ ఫైల్లో ఉన్నాయి. ఇక్కడ ఎందుకు రాయలేదంటే, కొంచెం భయమే అనుకోండి. ఆ ప్లాంటులో పనిచేసే ఇరవై ఇద్దరు పిల్లలు మా ఇళ్లలో వాళ్లే. మా తమ్ముడి కొడుకు కూడా అక్కడే లోడింగ్‌లో ఉన్నాడు. ఈ లేఖ రాస్తున్నానని తెలిసి వాడు రెండు రోజులు మా ఇంటికి రాలేదు.

ఇక విషయం. మా ఊరికి ఒక చెరువు ఉంది. రికార్డుల్లో ఆయకట్టు 410 ఎకరాలు. అందులో సగమైనా తడిసిన ఏళ్లు గత ఇరవై ఏళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హంద్రీ-నీవా ఎత్తిపోతల కాలువ వచ్చాక కాస్త తేరుకున్నాం. మాల్యాల దగ్గర శ్రీశైలం వెనుక జలాల్లోంచి కృష్ణా నీళ్లను ఎత్తి, స్టేజీ తర్వాత స్టేజీగా మోటార్లతో పైకి తెచ్చి, జీడిపల్లి రిజర్వాయర్ దాకా, అక్కడి నుంచి ఇంకా పైకి పంపిస్తున్నారు. ఆ మోటార్ల కరెంటు బిల్లు కట్టేది ప్రజలు. చెరువు నిండితే ఆ ఊటతోనే కింద బోర్లు బతుకుతాయి.

పోయిన ఏడు నైరుతి ముఖం చాటేసింది. ఈశాన్యం అంతకంటే అన్యాయం చేసింది. కాలువ నీళ్లు కొద్ది రోజులే వచ్చాయి. సంక్రాంతికి చెరువు మూడో వంతుకు పడిపోయింది. ఫిబ్రవరి చివరికి తూము మొహం బయటపడింది. ఇప్పుడు మిగిలింది తూముకు అందని నీళ్లు. చెరువు నడుమ గుండంలో ఉన్నవి మాత్రమే.

ఈ ఎండాకాలం మా ఊళ్లో ఎవరి నీళ్లు ఏ వరుసలో ఆగాయో రాస్తాను. ఈ లేఖలో అసలు విషయం ఆ వరుసే.

జనవరి మూడో వారంలో, చెరువులో ఇంజన్లు, మోటార్లు పెట్టి నీళ్లు తోడకూడదని ఉత్తర్వు వచ్చింది. తాగునీటికి కాపాడాలన్నారు. సబబే కదా అని మేమూ ఒప్పుకున్నాం. లైన్‌మన్ వచ్చి ఒడ్డున ఉన్న పదకొండు మోటార్ల ఫ్యూజులు పీక్కుని సంచిలో వేసుకుని పోయాడు. ఫిబ్రవరిలో మత్స్యకార సంఘాన్ని వలలు వేయొద్దన్నారు. నీళ్లు కలక అవుతాయట. మార్చిలో కొళాయి రోజు మార్చి రోజు అయింది, తర్వాత మూడు రోజులకోసారి అయింది. ఏప్రిల్‌లో ట్యాంకర్ మొదలైంది, వారానికి రెండుసార్లు. గుండం పక్కన చెరువు నీళ్లు తోడే ఇంటేక్ బావి మీద నీళ్ల కంపెనీ మోటారు మాత్రం ఈ నాలుగు నెలల్లో ఒక్క రోజు కూడా ఆగలేదు. రాత్రి పూట కట్ట మీద నిలబడితే దాని చప్పుడు ఊళ్లోకి వినబడుతుంది.

మా నాయన ఈ చెరువుకు నీరుగంటి. మా తాత కూడా. తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూడడం వాళ్ల పని. నీళ్లు చాలని ఏడు కట్ట మీద చెట్టు కింద ఊరంతా కూర్చుని దామాషా వేసేవాళ్లు, అంటే ఎవరి భూమిని బట్టి వాళ్లకు వంతు. పదెకరాలున్న ఆసామి మూడెకరాలు తడుపుకోవాలి, ఎకరం ఉన్నవాడు ముప్పై సెంట్లు తడుపుకోవాలి, మనుషులకూ గొడ్లకూ వదిలాకే ఏ మడికైనా. పెద్ద ఆసాములు గొణుక్కునేవారు, ఒకసారి మా నాయన మీద చెయ్యి కూడా చేసుకున్నారు. అయినా వరుస తప్పలేదు. ఆ కాలంలో అంతా న్యాయంగా జరిగిందని నేను అనను. మాలపల్లె మడికి నీళ్లు ఎప్పుడూ ఆఖరునే వచ్చేవి, ఆ సంగతి మా నాయనే చెప్పేవాడు. కానీ కరువులో ముందు ఎవరు ఆగాలన్నది అందరి ముందూ తేల్చేవాళ్లు. ఇప్పుడు అది ఎవరు తేల్చారో కూడా మాకు తెలియదు.

కంపెనీకి ఇచ్చిన అనుమతి కాగితం సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకున్నాం. ఒక్క పేజీ. రోజుకు ఎన్ని లీటర్లు అన్నచోట ఒక అంకె ఉంది. మీటరు అన్నచోట 'ఏర్పాటు చేయవలెను' అని ఉంది. మీటరు ఈ రోజుకీ లేదు కాబట్టి ఆ అంకెకు అర్థం లేదు. కరువు వస్తే ఏం చేయాలన్నదానికి ఆ పేజీలో ఒక్క వాక్యం లేదు. వానలు బాగా పడిన ఏడు ఎవరో సంతకం పెట్టారు, అంతే.

మీటరు లేదు కాబట్టి మేమే లెక్క పెట్టాం. కట్ట మీద వంతులు వేసుకుని కూర్చుని, ప్లాంటు గేటు దాటి వెళ్లే లోడు లారీలు నోట్‌బుక్‌లో రాశాం. పగలూ రాత్రీ పూర్తిగా రాసిన రోజులు ఏడు. ఏడు రోజులకు 57 లారీలు, అంటే రోజుకు ఎనిమిది. లారీకి పది టన్నులని తక్కువే వేసుకున్నా పది వేల లీటర్లు. ఎనిమిది లారీలంటే 80 వేల లీటర్లు సీసాల్లో, క్యాన్లలో బయటికి పోతున్నాయి. ఫిల్టర్ మెషీన్ లీటరు మంచినీళ్లు ఇస్తే కనీసం ఇంకో లీటరు ఉప్పునీళ్లుగా బయటికి వదులుతుందని అక్కడ పనిచేసే పిల్లలే చెప్పారు. ఆ లెక్కన రోజుకు లక్షా అరవై వేల లీటర్లు తోడుతున్నారు. మా ఊళ్లో ఇళ్లు 640. ఇంటికి నలుగురు, మనిషికి జల్ జీవన్ మిషన్ చెప్పిన 55 లీటర్లు వేసుకుంటే ఊరంతటికీ రోజుకు లక్షా నలభై వేల లీటర్లు సరిపోతాయి. మా లెక్క తప్పయితే మీటరు పెట్టి చూపించండి, సంతోషంగా దిద్దుకుంటాం.

దీనివల్ల ఊళ్లో ఏం జరుగుతోందో ఒక్కొక్కటి చెబుతాను.

1. తాగే నీళ్లు. మా కొళాయికి ఇప్పుడు వచ్చేది చెరువు నీళ్లు కావు. చెరువు కింద ఉన్న పంచాయతీ పాత బోరు ఫిబ్రవరిలో ఎండింది. ఊరి బయట తొమ్మిది వందల అడుగులు వేసిన కొత్త బోరు నీళ్లు వదులుతున్నారు. ఆ నీళ్లు కాచితే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. మా ప్రాంతంలో ఫ్లోరైడ్ అన్న మాట పిల్లలకు కూడా తెలుసు. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదు, ఇంకో దారి లేకపోతే ఒకటిన్నర దాకా చూడొచ్చు అని భారతీయ ప్రమాణం చెబుతోంది. ఈ కొత్త బోరులో ఎంత ఉందో పరీక్ష చేయించి పంచాయతీ గోడకు అంటించమని రెండో అర్జీలో అడిగాం. 'పరిష్కరించబడినది' అని మెసేజ్ వచ్చింది ఆ అర్జీకే. పరీక్ష కాగితం మాత్రం గోడ మీద కనబడలేదు. భయపడి అందరూ క్యాన్లు కొంటున్నారు. పోయిన ఏడు పదిహేను రూపాయలున్న ఇరవై లీటర్ల క్యాన్ ఇప్పుడు పాతిక. అంటే చెరువులోని తియ్యటి నీళ్లు కంపెనీకి పోతున్నాయి, లోతు బోరు నీళ్లు మా కొళాయికి వస్తున్నాయి. ఆ నీళ్లు తాగలేక మేము మా చెరువు నీళ్లనే క్యాన్‌లో కొనుక్కుంటున్నాం. కూలి దొరకని నెలలో క్యాన్ల ఖర్చు ఏడెనిమిది వందలు అంటే ఎంతో, ఉపాధి పనికి పోయే ఇంట్లో అడిగి చూడండి. కొనలేనివాళ్లు ఆ తెల్లనీళ్లే తాగుతున్నారు. వాళ్లు ఎవరో, ఏ వీధిలో ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు.

ట్యాంకర్ సంగతి కూడా చెప్పాలి. అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున మూడింటికి వచ్చిన రోజులున్నాయి. మధ్యాహ్నం రెండింటికి, ఆడవాళ్లంతా ఉపాధి పనిలో ఉన్నప్పుడు వచ్చి, ఉన్నవాళ్లకు పట్టి పోయిన రోజులున్నాయి. అందుకని ప్రతి ఇంట్లో ఒకరు బిందెల దగ్గర కాపలా. ఎక్కువగా ఆ ఒకరు ఆడపిల్ల. పదో తరగతి పరీక్షల రోజుల్లో కూడా ఇదే టెన్షన్.

2. చీనీ చెట్లు, అంటే బత్తాయి. వేరుశనగ ఒక కారు పోతే ఇంకో కారు ఉంటుంది, చీనీ అలా కాదు. అయిదారేళ్లు పిల్లల్లా సాకితేనే కాపుకొస్తుంది. ఎండిందంటే ఆ అయిదారేళ్లూ, వాటి మీద తెచ్చిన అప్పూ కలిసి పోయినట్టే. చెరువు కట్ట కింద అరకిలోమీటరు లోపల ఉన్న బోర్లలో ఈ ఏడు పద్నాలుగు ఆగిపోయాయి. మా పక్క పొలం ఆయన మూడు వందల చెట్లు నరికించాడు. కట్టెల బేరగాడు వచ్చి తూకం వేస్తుంటే అక్కడ నిలబడలేక మా మిద్దె మీదికి వచ్చి కూర్చున్నాడు. నావి నూట ఇరవై చెట్లు. ట్యాంకర్ కొని పాదులకు పోసి కాపాడుతున్నాను, జూన్ దాకా కాపాడగలనో లేదో. ఆ ట్యాంకర్ నీళ్లు ఎక్కడివని అడగకండి. ఇంకో ఊరి బోరువి. ఆ ఊరివాళ్లు కూడా మీకు అర్జీ పెట్టే ఉంటారు.

చెరువులో నీళ్లున్నంత కాలమే కట్ట కింద బోర్లకు ఊట. ఇది చెప్పడానికి భూగర్భ శాస్త్రవేత్త రానక్కర్లేదు, ఊళ్లో ఏ ముసలాయనను అడిగినా చెబుతాడు. 'కంపెనీ తోడేది చెరువు నీళ్లు, మీ బోర్లు ఎండింది భూగర్భ జలం, రెండూ వేర్వేరు శాఖలు' అని మాకు ఒక ఆఫీసులో చెప్పారు. శాఖలు వేరు కావచ్చు, నేల కింద మాత్రం అది ఒకటే నీరు.

3. గొర్రెలు, చేపలు. గొర్రెలవాళ్లు మందల్ని తోలుకుని వలస పోయారు. మత్స్యకార సంఘం చేపపిల్లలకు పెట్టిన డబ్బు నీళ్లలోనే పోయింది.

4. ఉప్పునీళ్లు. ఫిల్టర్ వదిలేసే నీళ్లు ప్లాంటు వెనక వంకలో పడుతున్నాయి. వంక పక్కన రెండు పొలాల్లో నేల మీద తెల్లటి పొర కట్టింది. వానాకాలంలో కొట్టుకుపోయేది, ఈ ఏడు పేరుకుంది. దీని మీద వేరే అర్జీ పెడతాం, ఇక్కడికి వదిలేస్తున్నాను.

కంపెనీవాళ్లు, వాళ్ల తరఫున మాట్లాడే పెద్దమనుషులు చెప్పే మాటలకు కూడా జవాబు చెప్పాలి. అన్నీ కొట్టిపారేసే మాటలు కావు.

మొదటిది, ఒక ఇంజనీరుగారు చాలా మర్యాదగా, కాగితం మీద లెక్క వేసి చూపించిన మాట. ఎకరా వరికి నలభై యాభై లక్షల లీటర్లు పడతాయి. రోజుకు లక్షా అరవై వేలు అనుకున్నా, నాలుగు నెలల ఎండాకాలంలో ఈ ప్లాంటు తోడేది రెండు కోట్ల లీటర్లు దాటదు, అంటే నాలుగెకరాల వరి. దానికింత గొడవా, అన్నారు. లెక్క సరైనదే, నేను ఇంటికొచ్చి రెండుసార్లు చూసుకున్నాను. కానీ ఒక్క మాట. జనవరిలో ఫ్యూజులు పీకిన పదకొండు మోటార్ల కింద ఒక్క సెంటు వరి కూడా లేదు. చీనీ, కొంచెం వేరుశనగ, ఒక పశువుల షెడ్డు. వాటిలో ఒకటి ఎకరా పావు తోటకు పెట్టుకున్న మూడు హెచ్‌పీ మోటారు. ఇది చిన్న వాడకమే కదా, ఉంచుదాం అని ఆ రోజు ఎవరూ అనలేదు. అలా అనకపోవడమే న్యాయం అనుకున్నాం. చిన్నదైనా పెద్దదైనా కరువులో అందరూ ఆగాలి అన్న సూత్రాన్ని మా దగ్గర అమలు చేసి, కంపెనీ గేటు దగ్గరికి వెళ్లేసరికి నాలుగెకరాల లెక్క తీస్తే ఎలా? చెరువు నిండుగా ఉన్నప్పుడు ఆ నీళ్లు లెక్కలోకి రావు, నిజమే. గుండం మాత్రమే మిగిలినప్పుడు అవే ఊరికి ఉన్న నీళ్లు.

రెండోది, మేము అమ్మేదీ తాగునీరే కదా, తాగునీటికి మొదటి ప్రాధాన్యం అని మీరే అంటారు కదా అంటారు. తెలివైన మాట. జాతీయ జల విధానం 2002లో వరుస రాసిపెట్టారు: తాగునీరు, సాగునీరు, జలవిద్యుత్, పర్యావరణం, ఆ తర్వాత పరిశ్రమలు. 2012 విధానంలో తాగునీరు, పారిశుద్ధ్యం అన్నిటికంటే ముందు; ఆ వెంట ఇంటి అవసరాలు, పశువులు, ఆహార భద్రత, బతుకుతెరువు సేద్యం. ఆ తాగునీరు అన్న మాటకు ఇక్కడి జనం గొంతు తడపడం అని అర్థమా, లేక బెంగళూరు పెళ్లి మండపంలో టేబుల్ మీద సగం తాగి వదిలేసే చిన్న సీసా అని అర్థమా? లారీలు ఎటు పోతున్నాయో మేము చూశాం. ఎనిమిదిలో ఆరు హైవే ఎక్కి దక్షిణానికి తిరుగుతున్నాయి. బెంగళూరులో కూడా మనుషులే ఉన్నారు, 2024 ఎండాకాలంలో అక్కడా నీళ్లకు అల్లాడారు, ఆ సంగతి మాకు తెలుసు. కానీ అక్కడికి పోయే లీటరు సీసా డబ్బు పెట్టి కొనగలిగినవాడికే అందుతుంది. అనుమతి కాగితంలో కూడా 'పారిశ్రామిక అవసరాలు' అనే ఉంది. ఫీజు కట్టేటప్పుడు పరిశ్రమ, కోత పెట్టేటప్పుడు తాగునీరు అంటే కుదరదు.

మూడోది ఉద్యోగాలు. ఇది నిజమైన మాట. ఇరవై ఇద్దరికి నెల నెలా జీతం వస్తోంది, కరువులో అది చిన్న సంగతి కాదు. అందుకే మేము ప్లాంటు మూసేయమని అడగడం లేదు, ముందుముందు కూడా అడగం. కిందటేడు కంపెనీ బడికి ఒక ఫిల్టర్ ఇచ్చింది, జాతరకు వెయ్యి సీసాలు ఉచితంగా పంచింది. దండ వేసి ఫోటో దిగినవాళ్లలో నేనూ ఉన్నాను. దాచుకోవాల్సిన పనేముంది.

ఇది మా ఊరు కొత్తగా కనిపెట్టిన గొడవ కాదు. కేరళలో పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో కోకా-కోలా ప్లాంటు మీద ఆదివాసీ మహిళ మయిలమ్మ ముందుండి నడిపిన పోరాటం మీకు తెలిసే ఉంటుంది. 2003 డిసెంబరులో కేరళ హైకోర్టు సింగిల్ జడ్జి, భూగర్భ జలం ప్రజలది, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అన్నారు. ఆ తీర్పు నిలవలేదు. 2005లో డివిజన్ బెంచ్ రోజుకు అయిదు లక్షల లీటర్ల దాకా తోడుకోవచ్చంది. మేము గుర్తు చేయాలనుకుంటున్నది ఈ రెండింటి మధ్య జరిగిన చిన్న విషయం. 2004 ఫిబ్రవరిలో కేరళ ప్రభుత్వం కరువు కారణం చూపి, ఆ ప్లాంటు జూన్ నడుమ దాకా భూగర్భ జలం వాడకుండా ఆంక్ష పెట్టింది. ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగిన పెద్ద ప్రశ్న తేలకముందే, ఎండాకాలానికి మాత్రం ఆపొచ్చు అని ఒక ప్రభుత్వం నిర్ణయించింది. మేము అడుగుతున్నదీ అంతే.

తమిళనాడులో తామ్రపర్ణి నీళ్లను గంగైకొండాన్ పారిశ్రామికవాడలోని శీతల పానీయాల కంపెనీలకు వెయ్యి లీటర్లు 37 రూపాయల 50 పైసలకు ఇస్తున్నారని గొడవైంది. 2016 నవంబరులో మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ సరఫరా ఆపమంది, 2017 మార్చిలో ఆ స్టే ఎత్తేసింది. మహారాష్ట్రలో 2016 కరువులో లాతూరుకు రైల్లో నీళ్లు పంపుతున్న రోజుల్లోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ మద్యం కంపెనీల నీటికి కోత పెట్టించింది. కోర్టులు ఒకసారి అటు, ఒకసారి ఇటు చెప్పాయి. అందుకే మేము కోర్టుకు పోకుండా ముందు మీ దగ్గరికి వచ్చాం. మా దగ్గర లాయరుకు డబ్బుల్లేవన్నది ఇంకో కారణం.

మీ చేతిలో అధికారం లేదని మాత్రం అనుకోవడం లేదు. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది. బోర్లు నమోదు చేయించుకోవాలి, ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదు, నీటి మట్టం దిగజారిన చోట కొంతకాలం తోడకుండా ఆపించొచ్చు అని అందులో ఉంది. మా మీద అమలైనప్పుడు ఆ చట్టం చాలా చురుగ్గా ఉంది. జనవరి ఉత్తర్వు ఇచ్చిన రోజు సాయంత్రానికే లైన్‌మన్ వచ్చాడు. కేంద్రం 2020లో ఇచ్చిన భూగర్భ జల మార్గదర్శకాల్లో, నీళ్లు అతిగా తోడేసిన ప్రాంతాల్లో కొత్త ప్యాకేజ్డ్ వాటర్ ప్లాంట్లకు, అవి చిన్న పరిశ్రమలైనా సరే, అనుమతి ఇవ్వకూడదని ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు సొంత చట్టం ఉంది కాబట్టి అది మనకు నేరుగా వర్తించదంటారు. సరే, వర్తించకపోనీ. దేశంలో చాలా చోట్ల వద్దన్న పని రాయలసీమలో ఎందుకు ముద్దయిందో ఎవరైనా చెప్పాలి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి వేయించింది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. కట్ట కారడం, ఉప్పు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, నడుమ మెట్టగా ఉండటం, నీళ్లు తక్కువై భూమి ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై భూమి తక్కువ కావడం. మా చెరువుకు వీటిలో ఒక్క దోషం కూడా లేదు. గుండంలో పైపు అన్నది ఆ జాబితాలో లేదు మరి, ఆరున్నర వందల ఏళ్ల కింద వాళ్లకు తోచి ఉండదు.

మా డిమాండ్లు ఇవి. వినతులు అనే రాద్దామనుకున్నాను, సంఘంలో ఆడవాళ్లు ఒప్పుకోలేదు.

1. చెరువు నీటి మట్టం తూము కంటే కిందికి దిగిన రోజు నుంచి, మళ్లీ తూము ఎక్కే దాకా ప్లాంటు ఇంటేక్ మోటారు ఆపాలి. మా మోటార్లను అంతకంటే ముందే ఆపారు. ఈ మాటను అనుమతి కాగితంలో షరతుగా రాయాలి, ప్రతి ఏడు మేము అర్జీలు పట్టుకుని తిరిగే పని లేకుండా. తాగునీటి ట్యాంకర్ తిరుగుతున్న ఏ ఊరి చెరువు నుంచీ, బోరు నుంచీ నీళ్ల కంపెనీలు తోడకూడదని జిల్లా మొత్తానికి ఒక ఉత్తర్వు ఇస్తే ఇంకా మంచిది.

2. ఆ నెలల్లో గుండం నీళ్లను శుద్ధి చేసి ఊరికి కొళాయిలో వదలాలి. శుద్ధి చేసే మెషీన్ ఎక్కడుందో మనందరికీ తెలుసు. ప్లాంటు ఆగిన రోజుల్లో దాన్ని ప్రభుత్వం అద్దెకు తీసుకుని నడిపితే ఇరవై ఇద్దరు పిల్లల జీతాలూ ఆగవు, ఊరికి నీళ్లూ వస్తాయి. ఇది మా తమ్ముడి కొడుకు చెప్పిన ఉపాయం. రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చి చెప్పాడు.

3. మీటరు. ఇంటేక్ మీదా, ప్లాంటు ఆవరణలో ఉన్న ప్రతి బోరు మీదా. నెల నెలా రీడింగ్ పంచాయతీ బోర్డు మీద రాయాలి. వాళ్ల బోర్లు వాల్టా కింద నమోదయ్యాయో లేదో, తాగునీటి బోరుకు ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నాయో కొలిచి చెప్పాలి. కొలిచేటప్పుడు మాలో ఇద్దరిని పిలవాలి.

4. కొత్త పంచాయతీ బోరు నీళ్ల పరీక్ష ఫలితం పదిహేను రోజుల్లో గోడకు అంటించాలి.

5. ట్యాంకర్‌కు టైమ్ చెప్పాలి. ఇది డబ్బు ఖర్చు లేని డిమాండ్, దీన్ని రేపటి నుంచే చేయొచ్చు.

6. కంపెనీ వెయ్యి లీటర్లకు ప్రభుత్వానికి ఎంత కడుతోందో, హంద్రీ-నీవా నుంచి ఆ వెయ్యి లీటర్లు మా చెరువుకు ఎత్తడానికి కరెంటు ఎంతవుతోందో రెండు అంకెలూ పక్కపక్కన రాసి బయటపెట్టాలి. మొదటిది రెండోదానికంటే తక్కువగా ఉంటే, ఈ జిల్లా రైతులు బాటిల్ నీళ్లకు సబ్సిడీ ఇస్తున్నట్టు లెక్క.

7. ప్లాంటు అనుమతి మళ్లీ రెన్యువల్‌కు వచ్చినప్పుడు గ్రామసభ పెట్టాలి. ఉదయం పదింటికి వద్దు, అప్పుడు అందరూ పనిలో ఉంటారు. సాయంత్రం కట్ట మీద పెట్టండి.

మే నెల రెండో సోమవారం గ్రీవెన్స్‌కు మేము మళ్లీ వస్తాం. నలభై మంది దాకా రావచ్చు, రెండు ఆటోలూ ఒక ట్రాక్టరూ మాట్లాడుకున్నాం. ధర్నా ఆలోచన లేదు, జవాబు తీసుకుని వెళ్తాం. మీరు ఆ రోజు క్యాంపులో ఉంటే ముందుగా చెప్పిస్తే ఇంకో రోజు వస్తాం. కూలి పోగొట్టుకుని రావడం కష్టం.

ఇట్లు,
చెరువు కింది ఆయకట్టు రైతులు, మత్స్యకార సంఘం, డ్వాక్రా సంఘాల తరఫున,
నీరుగంటి కొడుకు

జత చేసినవి: మూడు అర్జీల రసీదులు, అనుమతి కాగితం నకలు, లారీల లెక్క రాసిన నోట్‌బుక్ జిరాక్స్. నోట్‌బుక్‌లో తొమ్మిది రోజులు ఉంటాయి, లెక్కలో ఏడే తీసుకున్నాం. మూడో పేజీలో రెండు రాత్రులు ఖాళీగా కనబడతాయి. ఆ రెండు రాత్రులూ పడమట మబ్బు పట్టి ఉరిమితే, వాన వస్తుందేమోనని కాపలా వదిలేసి ఇళ్లకు పరిగెత్తి మిద్దెల కింద బిందెలు పెట్టాం. వాన రాలేదు.